డాలస్‌లో 70 డాలర్ల షూస్ హైదరాబాద్‌లో 10 వేలు ఎందుకవుతాయి?

మీరు పదకొండేళ్లు డాలస్‌లో ఉండి కుటుంబంతో హైదరాబాద్ తిరిగి వచ్చారు. అక్కడి ఔట్‌లెట్‌లో 70 డాలర్లకు కొన్నలాంటి రన్నింగ్ షూస్ ఇక్కడి మాల్‌లో 10 వేల రూపాయలు దాటాయని, లోపలి లేబుల్ మీద వియత్నాం పేరు ఉందని, వియత్నాం అమెరికాకన్నా మనకే దగ్గర కదా అని అడిగారు. మీ ఆఫీసులోని అమెరికన్ సహోద్యోగికి తన సైజే దొరకడం లేదని కూడా రాశారు. నేను చెన్నైలో కస్టమ్స్ బ్రోకర్ కార్యాలయంలో చాలా ఏళ్లుగా దిగుమతి సరుకు విడిపించే పనిలో ఉన్నాను. పాదరక్షల కాగితాలు తరచుగా నా బల్ల మీదికి వస్తాయి కాబట్టి, నాకు తెలిసిన వైపు నుంచి, అంటే దిగుమతి సరుకు విడిపించడానికి కస్టమ్స్‌కు ఇచ్చే బిల్ ఆఫ్ ఎంట్రీ అనే పత్రం వైపు నుంచి, ఈ ధర ఎలా పెరుగుతుందో వివరిస్తాను.

ముందుగా పోలికను సరిచేసుకోవాలి. అమెరికాలో 120 డాలర్ల లిస్టు ధర ఉన్న జతకు డాలస్‌లో 8.25 శాతం అమ్మకపు పన్ను కలిపితే 129.90 డాలర్లు అవుతుంది. డాలరుకు 85 రూపాయల చొప్పున లెక్కిస్తే అది 11 వేల రూపాయల పైమాటే. అక్కడ ధర చీటీ మీద పన్ను ఉండదు, బిల్లులో కలుపుతారు. ఇక్కడ ఎంఆర్‌పీలో పన్నులన్నీ ముందే ఉంటాయి, ఎందుకంటే 2011 నాటి ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనలు అలాగే ముద్రించాలని చెబుతున్నాయి. కాబట్టి కొత్తగా వచ్చిన మోడల్‌ను కొత్త ధరకు కొనేవారికి రెండు దేశాల మధ్య తేడా మీరు అనుకున్నంత ఉండదు, కొన్ని మోడళ్లకు అసలే ఉండదు. మీరు పోలుస్తున్నది అక్కడి ఔట్‌లెట్ ధరను ఇక్కడి ఎంఆర్‌పీతో. ఆ 70 డాలర్ల జత పన్నుతో కలిపి సుమారు 6,400 రూపాయలు. అందువల్ల అసలు ప్రశ్నను ఇలా మార్చి అడగాలి: ఆ 6,400 రూపాయల జత మన దేశానికి ఎందుకు రాదు, వచ్చిన జత 10 వేల దగ్గర ఎందుకు ఆగుతుంది?

దూరం సంగతి తేల్చేస్తాను, అది చిన్న విషయం. 40 అడుగుల కంటైనర్‌లో డబ్బాలతో సహా దాదాపు 5 వేల జతలు పడతాయి. సముద్ర రవాణా ఖర్చును అన్ని జతల మీద పంచితే మామూలు రోజుల్లో ఒక్కో జతకు కొన్ని పదుల రూపాయలే పడుతుంది. వియత్నాం నుంచి చెన్నై దగ్గరా, లాస్ ఏంజిలిస్ దగ్గరా అన్నది జత ధరను పెద్దగా కదిలించదు.

ఇప్పుడు లెక్కలోకి వెళదాం. వంద డాలర్లకు అమ్మే స్పోర్ట్స్ షూ ఫ్యాక్టరీ గేటు దాటేటప్పుడు సుమారు 25 డాలర్లు ఉంటుందని ఈ వ్యాపారంలో మామూలుగా వేసుకునే అంచనా. 120 డాలర్ల జతకు 30 డాలర్లు అనుకుందాం, అంటే 2,550 రూపాయలు. రవాణా, బీమా కలిపి కస్టమ్స్ వారు సుంకం వేసే విలువ 2,600 అయిందనుకుందాం. పాదరక్షల మీద మూల సుంకం 2020 బడ్జెట్‌లో 25 శాతం నుంచి 35 శాతానికి పెరిగింది. దాని మీద పదో వంతు సాంఘిక సంక్షేమ సర్‌ఛార్జి కలిస్తే 38.5 శాతం. 2025 బడ్జెట్‌లో పేర్లు మార్చి 20 శాతం మూల సుంకం, 18.5 శాతం వ్యవసాయ మౌలిక వసతుల సెస్సు అన్నారు. పత్రికల్లో 'సుంకం 20 శాతానికి తగ్గింది' అన్న శీర్షిక చూసి నాకు ఫోన్లు చేసినవారు ఉన్నారు. రెండూ కూడితే మళ్లీ అదే 38.5, రేవులో కట్టే మొత్తం ఒక్క రూపాయి కూడా తగ్గలేదు.

2,600 మీద 38.5 శాతం అంటే 1,001 రూపాయలు. జత విలువ 3,601 అయింది. దీని మీద రేవులోనే 18 శాతం ఐజీఎస్టీ, అంటే దిగుమతి మీద పడే జీఎస్టీ, కట్టాలి. అయితే దిగుమతిదారు దాన్ని తర్వాత తన అమ్మకాల మీద కట్టవలసిన జీఎస్టీలో సర్దుబాటు చేసుకుంటారు కాబట్టి దాన్ని రెండోసారి లెక్కలో వేయకూడదు. చాలామంది ఇక్కడే పొరపడి, పన్ను మీద పన్ను అని రెండుసార్లు కూడి, పన్నులే ధరలో సగం అని తేలుస్తారు. కస్టమ్స్ సుంకానికి మాత్రం అలాంటి సర్దుబాటు లేదు. ఒకసారి కట్టిన సుంకం సరుకు ఖరీదులో భాగమైపోతుంది, తర్వాత చేతులు మారినప్పుడల్లా లాభం శాతాలన్నీ దాని మీద కూడా పడతాయి. మీ ప్రశ్నకు నా దృష్టిలో అసలు జవాబు ఇదే.

ఉదాహరణకు, దిగుమతి చేసుకున్న బ్రాండు సంస్థ తన అమ్మకపు ధరలో 30 శాతం తన ఖర్చులకు, లాభానికి ఉంచుకుంటుందనుకోండి. 3,601 రూపాయల జతను అది కొట్టుకు 5,144కు అమ్మాలి. కొట్టు యజమాని మాల్ అద్దె, జీతాలు, కరెంటు, అమ్ముడుపోని సైజుల నష్టం చూసుకుని తన అమ్మకపు ధరలో 40 శాతం ఉంచుకుంటే అది 8,574 అవుతుంది. దాని మీద 18 శాతం జీఎస్టీ కలిస్తే 10,117. మీరు మాల్‌లో చూసిన ధర దాదాపు ఇదే. ఇప్పుడు అవే శాతాలు ఉంచి సుంకం ఒక్కటి తీసేసి చూడండి. 2,600 కాస్తా 3,714 అయి, ఆపైన 6,190 అయి, జీఎస్టీతో 7,305 దగ్గర ఆగుతుంది. తేడా 2,812 రూపాయలు. ప్రభుత్వం రేవులో వసూలు చేసింది 1,001 రూపాయలే అయినా, కొట్టులో మీ చేతి నుంచి వెళ్లేది 2,800 దాటింది. మిగిలిన 1,800 ఎవరో దాచుకున్న అక్రమ లాభం అనలేము. ప్రతి ఒక్కరూ తాము పెట్టుబడి పెట్టిన మొత్తం మీద శాతం వేసుకోవడం వల్ల, కొంత జీఎస్టీ వల్ల అలా పేరుకుంటుంది. ఈ శాతాలు సంస్థను బట్టి మారతాయి, నేను తీసుకున్నవి లెక్క అర్థం కావడానికి మాత్రమే. కానీ పెరిగే పద్ధతి ఎక్కడైనా ఇంతే.

అమెరికాలో షూస్ మీద సుంకం లేదని కూడా అనుకోవద్దు. కస్టమ్స్ సుంకాల పట్టికలో 6404.11 కోడ్ కింద వచ్చే గుడ్డ పైభాగపు స్పోర్ట్స్ షూ, జత విలువ 12 డాలర్లు దాటితే, అక్కడ మామూలుగా 20 శాతం సుంకం కడుతుంది. అక్కడి అసలు బలం అమ్మకాల పరిమాణంలో ఉంది. ఒక మోడల్‌ను అన్ని సైజుల్లో, అన్ని రంగుల్లో భారీగా దింపుతారు. ఏడాది తిరిగి కొత్త నంబరు మోడల్ రాగానే పాతదాన్ని సగం ధరకు ఔట్‌లెట్లకు తోలేస్తారు. మీ 70 డాలర్ల జత అలా మిగిలిన సరుకు. మన దేశానికి అదే మోడల్ కొద్ది పరిమాణంలో వస్తుంది. ఖరీదైన పరుగు మోడళ్లలో మిగలడానికే పెద్దగా ఉండదు. మిగిలినా, దాని మీద సుంకం పూర్తిగా కట్టేసి ఉంటారు కాబట్టి అమెరికాలో తగ్గించినంత తగ్గించడం కష్టం.

రూపాయి విలువ పాత్రను కూడా మరిచిపోకూడదు. 2011 మొదట్లో డాలరు సుమారు 45 రూపాయలు. అదే 30 డాలర్ల జత అప్పుడు 1,350 రూపాయలకు రేవుకు చేరేది, డాలరు 85 రూపాయలైతే 2,550. సుంకం శాతాల్లో ఉంటుంది కాబట్టి ఆ పెరుగుదల మీద కూడా పడుతుంది. డాలర్లలో జీతం తీసుకుంటూ ఇక్కడ పనిచేసే విదేశీయుడికి ఇది తెలియదు. రూపాయల జీతంలోకి మారిన మీలాంటి వారికి మాత్రం మొదటి నెలలోనే తెలుస్తుంది.

ఇక సైజుల సంగతి. దీనికి సుంకంతో కన్నా బీఐఎస్, అంటే భారతీయ ప్రమాణాల సంస్థ, ముద్రతో ఎక్కువ సంబంధం ఉంది. పాదరక్షల నాణ్యతా నియంత్రణ ఉత్తర్వులు 2023 జూలై నుంచి దశలవారీగా అమల్లోకి వచ్చాయి. స్పోర్ట్స్ షూస్‌కు ఐఎస్ 15844 అనే ప్రమాణం ఉంది. దాని ప్రకారం లైసెన్సు లేని ఫ్యాక్టరీలో తయారైన జత ఇక్కడ అమ్మకానికి దిగుమతి కాకూడదు. ఇక్కడ గమనించవలసింది, లైసెన్సు బ్రాండుకు ఇవ్వరు, ఫ్యాక్టరీకి ఇస్తారు. ఒక బ్రాండు పదిహేను ఫ్యాక్టరీల్లో చేయిస్తుంటే, మన దేశానికి పంపదలచిన ప్రతి ఫ్యాక్టరీ విడిగా దరఖాస్తు చేయాలి, బీఐఎస్ అధికారులు అక్కడికి వెళ్లి తనిఖీ చేయాలి, ఆ ప్రయాణ ఖర్చు దరఖాస్తుదారే భరించాలి, 10 వేల డాలర్ల బ్యాంకు గ్యారంటీ ఇవ్వాలి. నాణ్యత చూడటం తప్పని నేను అనను. నాసిరకం సోలుతో వచ్చే చవక చెప్పులను అడ్డుకోవడంలో దీనికి ప్రయోజనం ఉంది. కానీ కొద్ది వేల జతలు మాత్రమే పంపే ఫ్యాక్టరీకి ఈ తతంగం గిట్టుబాటు కాదు, అందుకని ఆ మోడల్‌ను మన మార్కెట్ జాబితా నుంచి తీసేస్తారు. అలా పోయేవాటిలో ముందుండేవి వెడల్పు పాదాల షూస్, పెద్ద సైజులు, కొండదారుల్లో పరుగుకు (ట్రెయిల్ రన్నింగ్) చేసిన ప్రత్యేక మోడళ్లు. యూకే 6 నుంచి 11 వరకు ఉంటే మన కొట్లకు సరిపోతుంది. అమెరికా 13, 14 సైజులు వేసుకునే మీ సహోద్యోగి కోసం ఎవరూ నిల్వ పెట్టరు.

ఒక జత డబ్బా ఎలా మారుతుందో దగ్గరగా చూస్తే ఈ వ్యవహారం బాగా అర్థమవుతుంది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన డబ్బా పక్క మీద మోడల్ నంబరు, రంగు, అమెరికా, యూకే, ఐరోపా సైజులు, బార్‌కోడు ఉంటాయి. ఎంఆర్‌పీ, దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ నెలలో దిగుమతి అయింది, ఫిర్యాదుకు ఫోన్ నంబరు, ఇవన్నీ ఉన్న రెండో చీటీ అక్కడే అంటించి రాకపోతే, సుంకం కట్టకముందు సరుకు ఉంచే కస్టమ్స్ బాండెడ్ గోదాములో అంటించాలి. ఆ గోదాముల్లో పొడవాటి బల్లల ముందు ఆడవాళ్లు వరుసగా నిలబడి అట్టపెట్టె విప్పడం, డబ్బా తీయడం, చీటీ అంటించడం, మళ్లీ పెట్టెలో సర్ది టేపు వేయడం రోజంతా చేస్తుంటారు. సైజు 8 డబ్బా మీద సైజు 9 చీటీ పడితే ఆ పెట్టె మొత్తం మళ్లీ విప్పాలి. ఆ పని సాగినన్ని రోజులూ గోదాము అద్దె నడుస్తూ ఉంటుంది, సరుకుకు పెట్టిన డబ్బు మీద వడ్డీ నడుస్తూ ఉంటుంది. జతకు పడే ఖర్చు పెద్దది కాకపోవచ్చు, కానీ పైన చెప్పినట్టు దాని మీద కూడా శాతాలు పడతాయి.

ఇప్పుడు మన తెలుగు నేలకు సంబంధించిన విషయం. చెన్నై నుంచి నెల్లూరు వెళ్లే జాతీయ రహదారి మీద తడ దగ్గర మాంబట్టు ఉంది. 2022 ఏప్రిల్ వరకు నెల్లూరు జిల్లా, ఇప్పుడు తిరుపతి జిల్లా. అక్కడి ప్రత్యేక ఆర్థిక మండలం (సెజ్)లోని అపాచీ ఫ్యాక్టరీలో అడిడాస్ షూస్ ఎగుమతికి తయారవుతాయి. చుట్టుపక్కల ఊళ్ల ఆడపిల్లలు కంపెనీ బస్సుల్లో వచ్చి కుట్టు యంత్రాల మీద పైభాగం కుడతారు, సోలు అతికిస్తారు, డబ్బాలో సర్దుతారు. అయితే 2005 నాటి సెజ్ చట్టం 30వ సెక్షన్ ప్రకారం, సెజ్ గేటు దాటి దేశంలోకి వచ్చే సరుకు దిగుమతి కింద లెక్క. మాంబట్టులో కుట్టిన జతను పక్కనే ఉన్న సూళ్లూరుపేటలో అమ్మాలన్నా బిల్ ఆఫ్ ఎంట్రీ వేసి, విదేశం నుంచి వచ్చిన జతకు కట్టినట్టే కస్టమ్స్ సుంకం కట్టాలి. సెజ్‌లోకి ముడిసరుకు సుంకం లేకుండా వస్తుంది కాబట్టి బయటికి వచ్చేటప్పుడు వసూలు చేస్తారు, దాని వెనుక తర్కం ఉంది. కానీ ఆ సుంకం ముడిసరుకు మీద కాకుండా తయారైన జత పూర్తి విలువ మీద, అంటే మన కార్మికుల కూలి మీద కూడా పడుతుంది. ఇది సరికాదని నా గట్టి అభిప్రాయం. ముడిసరుకుకు మిగిల్చిన సుంకం మాత్రమే వసూలు చేస్తే, మాంబట్టులో చేసిన జత హైదరాబాద్‌లో నిజంగా చవకగా దొరుకుతుంది, అక్కడ ఉపాధీ పెరుగుతుంది.

పైగా వియత్నాం, ఇండోనేషియా ఆసియాన్ అనే ఆగ్నేయాసియా దేశాల కూటమిలోవి. ఆ కూటమితో మన దేశానికి 2010 జనవరి నుంచి అమల్లో ఉన్న వాణిజ్య ఒప్పందం కింద, సరుకు కోడ్‌ను బట్టి, అక్కడి నుంచి వచ్చే జతకు తగ్గింపు సుంకం కోరే వీలుంది. దానికి సరుకు ఏ దేశంలో తయారైందో చెబుతూ అక్కడి ప్రభుత్వం ఇచ్చిన మూల ధ్రువపత్రం కావాలి. జత విలువలో కనీసం 35 శాతం ఆసియాన్ దేశాల్లోనే చేరిందని, సుంకపు కోడ్ మారేంతగా అక్కడ పని జరిగిందని నిరూపించాలి. 2020 సెప్టెంబరు 21 నుంచి వచ్చిన నిబంధనల ప్రకారం ధ్రువపత్రం ఒక్కటే చాలదు, దాని వెనుక వివరాలు కూడా దిగుమతిదారు దగ్గర ఉండాలి, అధికారి అడిగితే చూపాలి. ఫోము, అల్లిన పైభాగం, లేసులు చైనా నుంచి వచ్చి వియత్నాంలో కూర్చిన జతకు ఈ లెక్క తేలడానికి సమయం పడుతుంది. అది తేలేలోగా కొందరు గ్యారంటీ కట్టి సరుకు విడిపించుకుంటారు, కొందరు ఆ తలనొప్పి వద్దని పూర్తి సుంకమే కట్టేస్తారు. తగ్గింపు దొరికినా ఎంఆర్‌పీలో అది పూర్తిగా కనిపించదు, ఎందుకంటే పూర్తి సుంకం కట్టి వచ్చిన మోడల్, తగ్గింపుతో వచ్చిన మోడల్ ఒకే గోడ మీద పక్కపక్కన ఒకే వరుస ధరల్లో అమ్మాలి.

ఇంత సుంకం ఎందుకు అన్నదానికి ప్రభుత్వం చెప్పే కారణం ఆగ్రా, కాన్పూరు, ఆంబూరు, రాణిపేట వంటి ఊళ్లలోని చిన్న పరిశ్రమలను కాపాడటం. ప్రపంచంలో చైనా తర్వాత ఎక్కువ పాదరక్షలు తయారుచేసేది మనమే కాబట్టి ఆ ఆందోళనను తీసిపారేయలేము. తోలు బూట్లు, చవక చెప్పుల విషయంలో ఆ రక్షణ పనిచేస్తుంది. పరుగు కోసం చేసే తేలికపాటి షూస్ సంగతి వేరు. వాటి ఫోము, ప్రత్యేకమైన దారపు అల్లిక మన చిన్న పరిశ్రమల చేతిలో ఇంకా పెద్దగా లేవు. వాటిని ఇక్కడ చేద్దామనుకున్నవారికి షూ విడిభాగాల మీద కూడా అదే 2020 బడ్జెట్‌లో సుంకం 15 నుంచి 20 శాతానికి పెంచారు. ఈ రెండూ కలిపి చూస్తే పరుగు షూస్ వరకు సుంకం కొనేవారి మీద భారమే తప్ప చేసేవారికి అండ కాలేదు.

మీరు ఇప్పుడు ఏం చేయవచ్చో చెబుతాను. అమెరికా నుంచి కొరియర్‌లో తెప్పించుకోవడం అన్నిటికన్నా నష్టం. 2024 వరకు వ్యక్తిగత పార్సిళ్ల మీద 35 శాతం సుంకం, 3.5 శాతం సర్‌ఛార్జి, ఆ మొత్తం మీద 28 శాతం ఐజీఎస్టీ, కలిపి 77.28 శాతం ఉండేది. వంద డాలర్ల జతకు విమాన రవాణా 40 డాలర్లు అయినా, సుంకం లెక్కలో రవాణాను సరుకు విలువలో 20 శాతానికి మించి కలపరు. అయినా 120 డాలర్ల మీద సుమారు 93 డాలర్లు పన్ను పడేది. ఆ తర్వాత ఈ రేటు తగ్గించారు. ఆర్డరు పెట్టే ముందు ఆ వారం అమల్లో ఉన్న రేటును తప్పక చూసుకోండి, కొరియర్ సంస్థ తీసుకునే క్లియరెన్స్ ఫీజు విడిగా ఉంటుందని గుర్తుంచుకోండి.

సామానులో తెచ్చుకోవడం మేలు. 2016 బ్యాగేజీ నిబంధనల్లో ఇక్కడ నివసించేవారికి, భారత సంతతి వారికి 50 వేల రూపాయల విలువ వరకు సుంకం ఉండేది కాదు, ఈ మధ్య ఆ హద్దు పెంచారు. హద్దు దాటిన విలువ మీద మాత్రమే సుంకం వేస్తారు. వాడుతున్న షూస్ సొంత వాడకపు వస్తువుల కిందికి వస్తాయి. కానీ తెలిసినవారి చేత ఒకే మోడల్ ఆరు జతలు వేర్వేరు సైజుల్లో తెప్పిస్తే, అది సొంత వాడకం అని అధికారిని ఒప్పించడం వాళ్ల మెడకు చుట్టుకుంటుంది. రెండు జతలు, బిల్లుతో సహా, ఎవరికీ ఇబ్బంది లేని పద్ధతి.

ఇక్కడే కొనాలనుకుంటే జూలైలోనూ, డిసెంబరు ఆఖరు నుంచి జనవరిలోనూ సీజన్ ముగింపు తగ్గింపులు ఉంటాయి. నిన్నటి మోడల్ మీ పాదానికి సరిపోతే అప్పుడు తీసుకోండి. అమెరికా సైజు 10 అంటే ఇక్కడి యూకే లెక్కలో చాలా బ్రాండ్లకు 9, ఆన్‌లైన్‌లో కొనేవారు ఎక్కువగా ఇక్కడే పొరపడి తిప్పి పంపుతుంటారు. 'ఫస్ట్ కాపీ' పేరుతో మూడు వేలకు దొరికే వాటి జోలికి పోవద్దు. పైన గుర్తు అచ్చం అలాగే ఉంటుంది కానీ లోపలి ఫోము మామూలు స్పాంజి, పరుగెత్తేవారి మోకాళ్లకు అది చేటు చేస్తుంది.

మీ సహోద్యోగి ఇక్కడ ఉద్యోగ వీసా మీద ఉంటే బ్యాగేజీ నిబంధనల్లో ఆయన పర్యాటకుడి కింద రారు, భారతదేశంలో నివసిస్తున్న విదేశీయుడి కింద వస్తారు. పర్యాటకులకు 2016 నిబంధనల్లో 15 వేలే ఉన్న హద్దు ఆయనకు వర్తించదు, మీకున్న హద్దే ఆయనకూ ఉంటుంది. ఏడాదికి ఒకసారి సెలవుకు ఇంటికి వెళ్లేటప్పుడు 13వ సైజు జతలు రెండు కొని, బిల్లు దగ్గర ఉంచుకుని తెచ్చుకోమనండి. ఆ సైజు కోసం హైదరాబాద్ మాల్‌లన్నీ తిరగడం కన్నా అదే ఆయనకు దగ్గర దారి.